చిన్న పిస్టల్‌లో రికాయిల్ స్ప్రింగు మార్చడం: గట్టి స్ప్రింగు ఇచ్చేదేమిటి, తీసుకునేదేమిటి

(తెరపై: తెల్లటి గుడ్డ పరిచిన బల్ల. విప్పి పెట్టిన స్లైడు, బ్యారెల్, ఒకదానిలో ఒకటి దూర్చిన రెండు సన్నని స్ప్రింగులు. బల్లమీద తూటాలు లేవు.)

నమస్కారం. మీ ముందున్నది అమెరికాలో రూగర్ సంస్థ 2008లో విడుదల చేసిన ఎల్‌సీపీ అనే జేబు పిస్టల్. ఇది .380 ఏసీపీ అనే రకం తూటాలను పేలుస్తుంది. దీని బ్యారెల్ పొడవు 2.75 అంగుళాలు, ఖాళీగా ఉన్నప్పుడు బరువు సుమారు 270 గ్రాములు. దీన్ని కొన్నవారు చాలామంది మొదట మార్చాలనుకునే భాగం రికాయిల్ స్ప్రింగు, అంటే తూటా పేలినప్పుడు వెనక్కి దూకే స్లైడును (పిస్టల్ పైన ముందుకూ వెనక్కీ జరిగే లోహపు తొడుగును) ఆపి, తిరిగి ముందుకు నెట్టే స్ప్రింగు. దుకాణంలో 11 పౌండ్లది, 13 పౌండ్లది అని రెండు పొట్లాలు చూపిస్తే, ఎక్కువ అంకె ఉన్నదే మంచిదనుకొని తెచ్చేసుకుంటారు. ఆ అంకె దేన్ని కొలుస్తుందో, దాన్ని పెంచితే పిస్టల్ లోపల ఏం మారుతుందో ఈ వీడియోలో వివరంగా చూద్దాం.

ఇది అమెరికాలో చట్టబద్ధంగా పిస్టల్ కలిగి ఉన్న తెలుగువారి కోసం చేసిన వీడియో. భారతదేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం తుపాకుల మరమ్మతుకే విడిగా లైసెన్సు ఉండాలి కాబట్టి, అక్కడ లైసెన్సు పిస్టల్ ఉన్నవారు సైతం ఈ పనిని లైసెన్సు పొందిన తుపాకుల దుకాణానికే అప్పగించాలి.

(తెరపై: స్లైడు మెల్లగా వెనక్కి జరిగి, తిరిగి ముందుకు వచ్చే బొమ్మ.)

తూటా పేలగానే దాని కొనన ఉన్న బులెట్ ముందుకు, స్లైడు వెనక్కి కదులుతాయి. వెనక్కి వెళ్తూ స్లైడు ఖాళీ కేసును (పేలిన తూటా గుల్లను) బయటికి లాగి విసిరేస్తుంది, అదే కదలికలో రికాయిల్ స్ప్రింగును నొక్కుతుంది. నొక్కుడుపడిన స్ప్రింగు స్లైడును తిరిగి ముందుకు నెట్టినప్పుడు, స్లైడు మ్యాగజైన్ (పిడిలో ఉండే తూటాల పెట్టె) పైనున్న తూటాను తోసుకుంటూ వచ్చి ఛాంబర్‌లోకి, అంటే బ్యారెల్ వెనక తూటా కూర్చునే అరలోకి, ఎక్కిస్తుంది. అంటే స్లైడు వేగాన్ని తగ్గించే పనీ, దాన్ని తిరిగి మూసే పనీ ఈ ఒక్క స్ప్రింగే చేస్తోంది. ఒకదాన్ని బలపరిస్తే రెండోదీ మారక తప్పదు.

పొట్లం మీద పౌండ్లలో రాసి ఉండేది, స్లైడు పూర్తిగా వెనక్కి వెళ్లినప్పుడు స్ప్రింగు ఎంత బలంతో ఎదురు నెడుతుందన్న లెక్క. 11 పౌండ్లంటే సుమారు 5 కిలోలు, 13 పౌండ్లంటే దాదాపు 6 కిలోలు. అయిదంగుళాల బ్యారెల్ ఉన్న కోల్ట్ 1911 అనే పెద్ద .45 పిస్టల్‌కు మామూలుగా వాడేది 16 పౌండ్ల స్ప్రింగు. ఆ పిస్టల్ బరువు కిలో దాటుతుంది. దానిలో నాలుగో వంతు బరువున్న ఎల్‌సీపీకి 13 పౌండ్లంటే ఎంత గట్టిదో దీన్నిబట్టి తెలుస్తుంది.

చిన్న పిస్టల్‌కు అంత గట్టి స్ప్రింగు ఎందుకంటే, దాని స్లైడు తేలిక కాబట్టి వెనక్కి దూకే వేగం ఎక్కువ, ఆ వేగాన్ని ఆపడానికి దొరికే దూరం మాత్రం తక్కువ. అంత తక్కువ చోటులో ఒక్క స్ప్రింగు ఆ బలాన్ని ఇవ్వలేదు కనుకనే ఇక్కడ ఒకదానిలో మరొకటి పెట్టారు. ఇలా జంటగా అమర్చే స్ప్రింగుల చుట్లను యంత్రనిర్మాణంలో సాధారణంగా ఒకటి కుడికి, ఒకటి ఎడమకు తిప్పుతారు, అప్పుడు ఒకదాని చుట్టు రెండోదాని సందులో ఇరుక్కోదు. వాల్థర్ పీపీకే అనే మరో చిన్న పిస్టల్‌లో కథ వేరు. దాని బ్యారెల్ కదలదు, స్ప్రింగు బ్యారెల్ చుట్టూ ఉంటుంది, స్లైడును పట్టి ఉంచే తాళం లేదు, స్లైడు బరువూ స్ప్రింగూ మాత్రమే పేలుడు తాకిడిని అడ్డుకోవాలి. ఎల్‌సీపీలో బ్యారెల్ కాసేపు స్లైడుతో పెనవేసుకొని ఉండి, ఆ తర్వాత వెనక భాగం కిందికి వంగి విడిపోతుంది. కాబట్టి పీపీకే అనుభవాన్ని ఎల్‌సీపీకి యథాతథంగా వర్తింపజేయకూడదు.

"గట్టి స్ప్రింగు వేస్తే చేతికి తగిలే దెబ్బ తగ్గుతుంది" అన్న మాటను నేను చాలాసార్లు విన్నాను, అది సగమే నిజం. బులెట్, దాని వెంట పేలుడు వాయువులు ఎంత ఊపుతో ముందుకు వెళ్లాయో అంతే ఊపు చేతికి చేరుతుంది, ఏ స్ప్రింగు వేసినా దాన్ని తగ్గించలేము. స్ప్రింగు మార్చేది ఆ ఊపు చేతికి అందే తీరును మాత్రమే. గట్టిదైతే స్లైడు వెనక చివర ఫ్రేమును (పిడితో కలిసి ఉండే కింది భాగాన్ని) గట్టిగా కొట్టదు, అది మేలే. అయితే తిరిగి వచ్చేటప్పుడు ఎక్కువ వేగంతో ముందుకు కొట్టి బ్యారెల్ కొనను కిందికి ముంచుతుంది.

(తెరపై: మ్యాగజైన్ పక్కనుంచి చూపే దగ్గరి దృశ్యం. పై తూటా ఇంకా సగమే లేచి ఉంది, స్లైడు అంచు అప్పటికే దానిమీదకు వచ్చేసింది.)

ఈ దృశ్యాన్ని దయచేసి జాగ్రత్తగా చూడండి, ఎందుకంటే గట్టి స్ప్రింగు తెచ్చే అసలు చిక్కు ఇదే. ఒకే రోట్లో ఇద్దరు రోకళ్లు వేసి దంచేటప్పుడు ఒకరు తొందరపడితే రెండు రోకళ్లూ ఢీకొంటాయి, ఇక్కడా అలాగే రెండు స్ప్రింగుల మధ్య తాళం కుదరాలి. స్లైడు వెనక ఉన్న ఆ కొద్ది క్షణంలో మ్యాగజైన్ స్ప్రింగు తర్వాతి తూటాను పైకి లేపి, స్లైడు దారిలో నిలబెట్టాలి. రికాయిల్ స్ప్రింగు గట్టిదైతే స్లైడు అంత వెనక్కి వెళ్లదు, పైగా త్వరగా తిరిగి వస్తుంది, మ్యాగజైన్‌కు చిక్కే వ్యవధి రెండు వైపులా కుంచించుకుపోతుంది. అప్పుడు స్లైడు తూటా మీదుగా జారిపోయి ఖాళీ ఛాంబర్ మీద మూసుకుంటుంది, లేదా తూటా నడుము పట్టుకొని ఆగిపోతుంది. మ్యాగజైన్ నిండుగా ఉన్నప్పుడు చక్కగా పనిచేసి, స్ప్రింగు బాగా వదులైపోయే చివరి తూటా దగ్గర ఆగిపోతోందంటే కారణం చాలామటుకు ఇదే. అందుకే రికాయిల్ స్ప్రింగు మార్చేవారు మ్యాగజైన్ స్ప్రింగు సంగతి కూడా తప్పక చూడాలి.

ఇంకొక చిక్కు మణికట్టులో ఉంది. స్లైడు పూర్తిగా వెనక్కి వెళ్లాలంటే ఫ్రేము కదలకుండా నిలబడాలి. మణికట్టు వదులుగా ఉంటే పిస్టల్ మొత్తం స్లైడుతో పాటే వెనక్కి వెళ్లి, స్ప్రింగు సరిగా నొక్కుడుపడక, ఖాళీ కేసు, అది బయటపడాల్సిన స్లైడు కిటికీలో నిలువుగా చిక్కుకుంటుంది. గట్టి స్ప్రింగు ఈ బలహీనతను ఇంకా ఎక్కువ చేస్తుంది. వేళ్లలో పట్టు తగ్గిన పెద్దవారికి స్లైడు లాగడమే కష్టమవుతుంది. ఇంట్లో ఆ పిస్టల్‌ను వాడేవారు ఎవరో ముందు ఆలోచించి, ఆ తర్వాతే అంకె ఎంచుకోవాలి.

కాబట్టి నేను చెప్పేది ఇదీ: చాలామందికి కావలసింది గట్టి స్ప్రింగు కాదు, కొత్త స్ప్రింగు. (తెరపై: పాత, కొత్త స్ప్రింగులు పక్కపక్కన.) పాతది ఎన్ని చుట్లు కురచగా మారిందో చూడండి. తీగ అలసిపోయినప్పుడు స్ప్రింగు ఇలా కుంగుతుంది. ఖాళీ కేసులు మునుపటికన్నా దూరంగా పడుతున్నా, స్లైడు చివరి అర అంగుళం బద్ధకంగా మూసుకుంటున్నా మార్చే వేళ వచ్చినట్టే. అదే కొత్త స్ప్రింగు వేశాక కేసులు మీ కాళ్ల దగ్గరే పడుతుంటే, అది ఆ తూటాకు మించిన గట్టిది.

స్ప్రింగుల లోపల ఉండే కడ్డీ, అంటే గైడ్ రాడ్ గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. ప్లాస్టిక్ రాడ్ స్థానంలో ఉక్కుది వేస్తే వంగదు, విరగదు, ముందు భాగంలో కొద్దిగా బరువు చేరుతుంది, అంతే.

ఇక మార్చే విధానం. ముందు మ్యాగజైన్ తీయండి, ఆ తర్వాతే స్లైడు లాగండి. ఈ వరుస తారుమారైతే ఇంకో తూటా ఛాంబర్‌లోకి ఎక్కుతుంది. ఛాంబర్‌ను కంటితో చూసి, వేలితో తడిమి, తూటాలన్నీ వేరే గదిలో పెట్టండి. కళ్లను కాపాడే కళ్లజోడు తప్పనిసరి, ఈ చిన్న స్ప్రింగు జారితే నేరుగా ముఖం మీదకే ఎగురుతుంది. స్లైడును కొద్దిగా వెనక్కి లాగి పక్కనున్న పిన్నును స్క్రూడ్రైవరుతో మెల్లగా పైకెత్తి తీస్తే, స్లైడు ముందుకు జారి విడివడుతుంది. స్ప్రింగులను బొటనవేలితో అదిమి పట్టుకొనే బయటికి తీయండి. కొత్త జంటను రాడ్‌కు ఎక్కించి, రాడ్ తల బ్యారెల్ కింద తన గుంటలో సరిగా కూర్చుందో లేదో చూసి బిగించండి. ఆపైన ఖాళీ స్లైడును పదిసార్లు లాగి వదలండి. ఎక్కడైనా గరగరమంటే, చివరిదాకా వెళ్లకపోతే, మళ్లీ విప్పండి.

పరీక్ష షూటింగ్ రేంజిలోనే జరగాలి. చౌక తూటాలతో బాగా పనిచేసినంత మాత్రాన, ఆత్మరక్షణకు పెట్టుకున్న తూటాలతో పనిచేస్తుందని అనుకోకూడదు, ఎందుకంటే వాటి బులెట్ బరువూ మందు తీవ్రతా వేరు. ఒక్కో మ్యాగజైన్‌ను నింపి ఒకసారి, రెండే తూటాలతో ఒకసారి, రెండు చేతులతో, కుడి చేతితో, ఎడమ చేతితో కాల్చి చూడండి. మొత్తం 200 తూటాలు ఒక్క ఆటంకమూ లేకుండా వెళ్లేదాకా ఆ పిస్టల్‌ను నమ్ముకోవద్దు. ఆటంకం వస్తే, తీసిన స్ప్రింగు ఇంకా కుంగకపోతే దాన్నే తిరిగి వేసేయండి, కుంగితే కంపెనీ కొలత స్ప్రింగునే కొత్తది తెచ్చుకోండి. అందుకోసమే, తీసిన ఆ జంటను తేదీ రాసిన చిన్న కవరులో ఇప్పుడే పెడుతున్నాను.

(తెరపై: కవరు మీద తేదీ రాస్తున్న చేయి.)