హమ్ మోత లేకుండా కంప్యూటర్ నుంచి ఆంప్లిఫయర్‌కి ఆప్టికల్ వైరు

[తెర చీకటిగా ఉంది. స్పీకర్లలోంచి "మ్మ్మ్..." అని ఆగకుండా మోత.]

వింటున్నారా? పాట ఇంకా పెట్టలేదండి. అమలాపురంలో మా హాల్లో ఆంప్లిఫయర్ ఆన్ చేస్తే చాలు, ఈ మోత మొదలయ్యేది. స్పీకర్లు పాడయ్యాయేమో అని ఎంత టెన్షన్ పడ్డానో!

స్పీకర్ల తప్పేం లేదు. కంప్యూటర్ మూడు పిన్నుల ప్లగ్గు ఇంటి ఎర్త్‌కి వెళ్తుంది. ఆంప్లిఫయర్‌కి కలిపిన సెట్‌టాప్ బాక్సుకేమో బయటినుంచి కేబుల్ టీవీ వైరు వస్తుంది, దానికి ఇంకెక్కడో వేరే ఎర్త్. మట్టాల్లో తేడా ఉన్న రెండు కాలవల మధ్య తూము ఎత్తితే నీళ్లు పారతాయి కదా, అలాగే ఈ రెండు ఎర్త్‌ల మధ్య ఆడియో వైరు తొడుగు మీదుగా కరెంటు పారుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి, మోత కూడా ఆ బొంగురు గొంతుతోనే వస్తుంది.

ఎర్త్ పిన్ను పీకేస్తే మోత పోతుందని ఎవరైనా చెబితే వినకండి, దయచేసి. షాక్ కొట్టకుండా మనల్ని కాపాడేది ఆ పిన్నే.

[కంప్యూటర్ వెనక భాగం, బాగా దగ్గరగా.]

ఇదిగో, ఈ చిన్న చదరపు రంధ్రం చూడండి. ఆప్టికల్ ఔట్‌పుట్ అంటే ఇదే. 1983లో తోషిబా తెచ్చింది కాబట్టి టాస్‌లింక్ అని పేరు. వైరు ఒక కొస ఇందులో పెట్టి, రెండో కొస అరచేతికి ఆనించాను. గురివింద గింజంత ఎర్రటి చుక్క! పాటంతా ఆ వెలుగు మినుకుల్లో అంకెలుగా వెళ్తుంది. రాగి తీగ లేదు కాబట్టి ఒక ఎర్త్ నుంచి ఇంకో ఎర్త్‌కి కరెంటు దాటే దారే లేదు. మన సముద్రపు గాలికి మామూలు పిన్నులకి పచ్చగా చిలుము పడుతుంది చూడండి, దీనికి ఆ బాధా లేదు.

కొత్త వైరు కొసలకి చిన్న ప్లాస్టిక్ టోపీలుంటాయి, ముందు అవి తీయండి. అవి తీయకుండా గుచ్చి గంటసేపు కుస్తీ పట్టాను నేను. టక్కుమనేదాకా నొక్కండి. వైరును మడత పెట్టకండి, లోపలి ప్లాస్టిక్ తీగ విరుగుతుంది.

ఆప్టికల్ బదులు గుండ్రటి కోయాక్సియల్ సాకెట్ ఉంటే, పాత డీవీడీ ప్లేయర్‌తో వచ్చిన పసుపు పిన్ను వైరు వాడుకోవచ్చు. దానికి కావలసిన 75 ఓమ్‌ల వైరే అది. కాకపోతే అది రాగి, మోత మళ్లీ రావచ్చు. కంప్యూటర్ నుంచి టీవీకి హెచ్‌డీఎంఐ వైరు ఉన్నా అంతే, అక్కడినుంచి చుట్టు తిరిగి వస్తుంది.

మీ ఆంప్లిఫయర్ పాతదై డిజిటల్ ఇన్‌పుట్ లేకపోతే, మధ్యలో డాక్ అనే చిన్న డబ్బా పెట్టాలి. అది అంకెల్ని మళ్లీ మామూలు ఆడియోగా మార్చి ఎరుపు, తెలుపు పిన్నులకి ఇస్తుంది.

[విండోస్ తెర.]

సౌండ్ సెట్టింగుల్లో ప్లేబ్యాక్‌కి వెళ్లి, డిజిటల్ ఔట్‌పుట్‌ని డిఫాల్ట్ చేయండి. ఆంప్లిఫయర్ మీద ఇన్‌పుట్ ఆప్టికల్‌కి తిప్పండి. పాటలకి ఇంతే.

సినిమాకి ఇంకొక్క మాట. ఈ వైరులో మామూలు సౌండ్ రెండు ఛానెళ్లే పడుతుంది. 5.1 (ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్) కావాలంటే డాల్బీ డిజిటల్, డీటీఎస్ లాగా కుదించిన సౌండే వెళ్లాలి, దాన్ని ఆంప్లిఫయర్ విప్పుకోగలగాలి. సినిమా చూసే వీఎల్‌సీ ప్లేయర్ ఆడియో సెట్టింగుల్లో పాస్‌త్రూ, అంటే కుదించిన సౌండ్‌ని విప్పకుండా అలాగే పంపేది, ఆన్ చేయండి. అప్పుడు కంప్యూటర్‌లో వాల్యూమ్ తిప్పినా మారదు, ఆంప్లిఫయర్ దగ్గరే తగ్గించుకోవాలి.

పెడుతున్నానండి.

[ఆంప్లిఫయర్ దీపం వెలిగింది. స్పీకర్లలో ఏ చప్పుడూ లేదు. కిటికీ అవతల కొబ్బరాకులు గాలికి కదలడం వినిపిస్తోంది. అప్పుడు సన్నాయి అందుకుంది.]