నల్ల పొగ చూసి మోసపోకండి: రేవాడీ బొగ్గింజనుకి గుంతకల్లు తాత వేసిన మార్కులు

నమస్తే అండీ. గుంతకల్లులో మా మిద్దె మీద నుంచి మాట్లాడుతున్నాను. మధ్యలో గూడ్సు హారన్ వినిపిస్తే ఏమీ అనుకోకండి, స్టేషన్ ఇక్కడికి నిజంగానే కూతవేటు దూరం.

ఈరోజు రివ్యూ ఫోన్‌ది కాదు, బిర్యానీది కాదు. బొగ్గింజనుది. హర్యానాలోని రేవాడీలో పాత స్టీమ్ ఇంజన్లను బతికించి ఉంచిన షెడ్డు ఒకటుంది, 1893లో కట్టింది. అక్కడి ఇంజన్లు అప్పుడప్పుడూ స్పెషల్ రైలుతో మెయిన్ లైన్ మీదికి వస్తాయి. అది చూడ్డానికి కర్ణాటక ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఢిల్లీ వెళ్లి, అక్కడి నుంచి ఇంకో ఎనభై కిలోమీటర్లు పోయి వచ్చాను. అంత దూరం వెళ్లొచ్చా? వెళితే రైలెక్కాలా, బయట నిలబడి చూడాలా? అదే ఈ వీడియో.

జడ్జి మా తాత. ఇదిగో, నులకమంచం మీద కూర్చున్నాడు. మీటర్ గేజ్ రోజుల్లో ఇక్కడి లోకో షెడ్డులో ఫైర్‌మ్యాన్, అంటే ఇంజన్ పొయ్యిలో బొగ్గు వేసేవాడు. నా మార్కులు మీకెందుకు, చివర్లో ఆయన మార్కులే చెప్తాను.

ఊటీ రైలు చూశాం కదా, అదే కదా అని కొందరు అడిగారు. అది కొండ రైలు. దాని లైను దానిది, దాని లోకం దానిది. మెయిన్ లైన్ మీద అలా కుదరదు. ముందు ఒక సూపర్‌ఫాస్ట్, వెనకాల ఒక గూడ్సు, నెత్తి మీద 25 వేల వోల్టుల కరెంటు తీగ. మధ్యలో ఈ ముసలాయన టైముకి పరిగెత్తాలి. బొగ్గు ముందుకి లాగుదామని టెండర్ పైకి, అంటే ఇంజన్ వెనకాల బొగ్గు, నీళ్లు మోసే పెట్టె పైకి, ఎక్కడానికి లేదు, పైన తీగ. నీళ్లు పట్టుకుందామంటే ప్లాట్‌ఫారం చివర ఉండే ఆ పాత ఇనుప స్తంభాలు ఎప్పుడో పీకేశారు. మన దేశంలో బ్రాడ్ గేజ్ మీద రోజువారీ స్టీమ్ రైళ్లు 1995 డిసెంబరులో జలంధర్, ఫిరోజ్‌పూర్ మధ్య ఆఖరుసారి నడిచాయి. ఆ తర్వాత వీటికి కావలసిన సామగ్రి అంతా మాయమైంది. ఇప్పుడు ఒక్క ట్రిప్పు నడపాలన్నా ముందు రోజే పొయ్యి వెలిగించాలి.

నేను చూసింది డబ్ల్యూపీ 7161, పేరు అక్బర్. డబ్ల్యూపీ అంటే ముక్కు తుపాకీ గుండులా ఉండి, దాని మీద నక్షత్రం ఉంటుందే, అదీ. మొదటివి 1947లో అమెరికా నుంచి వచ్చాయి. 1967 దాకా మొత్తం 755 చేశారు. బ్రాడ్ గేజ్ మెయిల్ రైళ్లు చాలావరకు ఒకప్పుడు వీటివే.

ఇప్పుడు అసలు విషయం. బయలుదేరేటప్పుడు నేను ప్లాట్‌ఫారం చివర, పెద్ద చక్రాలకి ఎదురుగా నిలబడ్డాను. ముందు కూత. తర్వాత కింద, చక్రాల దగ్గర నుంచి 'స్స్స్' అని తెల్లటి ఆవిరి రెండు పక్కలా చిమ్మింది. జనం బెదిరి వెనక్కి జరిగారు. అది లీకేజీ కాదు. నిలబడి ఉన్నంతసేపూ సిలిండర్లో ఆవిరి చల్లారి నీళ్లవుతుంది. నీళ్లు పిస్టన్ నొక్కితే నలిగేవి కావు, అలాగే తోస్తే సిలిండర్ మూతే పగులుతుంది. అందుకని డ్రైవర్ కింద కుళాయిల్లాంటి చిన్న కాక్‌లు తెరిచి ఆ నీళ్లు కక్కిస్తూ కదిలిస్తాడు. నా ప్యాంటు మోకాళ్ల దాకా తడిసింది. వేడి నూనె, తడి బొగ్గు కలిసిన వాసన, స్వెట్టర్‌కి రెండు రోజులు వదల్లేదు.

ఆ కాక్‌లు మూయగానే అసలు చప్పుడు మొదలు. చక్రం ఒక్క చుట్టు తిరిగితే నాలుగు దెబ్బలు, అంటే చిమ్నీలోంచి నాలుగు 'ఛుక్'లు. డబ్ల్యూపీ చక్రం అడ్డంగా 67 అంగుళాలు. లెక్క వేసుకోండి, గంటకి 20 కిలోమీటర్ల దగ్గర సెకనుకి దాదాపు నాలుగు దెబ్బలు, చక్కగా లెక్కపెట్టొచ్చు. 60 దాటితే సెకనుకి పన్నెండు, అంతా కలిసి ఒకటే రొద. అందుకే నా సలహా: మంచి స్పీడులో దూసుకుపోయే చోటు వెతక్కండి. బయలుదేరే చోటు, లేదంటే ఎత్తు ఎక్కే చోటు చూసుకోండి. ఇంజన్ కష్టపడితేనే మాట్లాడుతుంది.

టికెట్ సంగతి. ఎక్కితే హాయిగా కూర్చోవచ్చు, కానీ ఇంజన్ కనపడదు. ఏసీ పెట్టెలో అద్దాలు మూసుకుంటే వినపడదు కూడా. ఇంత దూరం వెళ్లి పల్లీలు తింటూ కిటికీలోంచి పొలాలు చూస్తామంటే మీ ఇష్టం. పిల్లలుంటే ఎక్కండి. నాలాంటి పిచ్చోళ్లయితే బయటే. చలికాలం పొద్దున అయితే మరీ మంచిది, ఆవిరి గడ్డకట్టినట్టు తెల్లగా నిలబడుతుంది. మన అనంతపురం మే ఎండలో అదే ఆవిరి చిమ్నీ దాటగానే మాయం.

బయట అంటే పట్టాల మీద అని కాదు బాబూ! అనుమతి లేకుండా పట్టాల మీదికి వెళ్తే నేరమనే రైల్వే చట్టం సెక్షన్ 147 ఊరికే లేదు. ఇంగ్లండ్‌లో 1923 నాటి ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ అనే స్టీమ్ ఇంజన్‌ని బాగుచేసి 2016 ఫిబ్రవరిలో లండన్ నుంచి యార్క్‌కి నడిపితే, ఫొటోల కోసం జనం లైను మీదికి వచ్చారు, రైలునే ఆపాల్సి వచ్చింది. ప్లాట్‌ఫారం, బ్రిడ్జి, గేటు అవతల. ఈ మూడు చాలు.

ఇంకో మాట. చాలా చోట్ల, విదేశాల్లో కూడా, స్టీమ్ స్పెషల్ వెనకాల ఒక డీజిల్ తగిలిస్తారు. దారిలో ఆగిపోతే లైనంతా జామ్ అవుతుందని భయం. తప్పు కాదు. కానీ వెనక నుంచి అది తోస్తుంటే ముందాయన వేషం కట్టినట్టే. వెళ్లేముందు డీజిల్ ఉందా అని ఆరా తీయండి. స్పెషల్ నడిచే రోజు కూడా రైల్వే ప్రకటన చూశాకే టికెట్ తీసుకోండి, ఇది రోజూ ఉండేది కాదు.

అంత దూరం వద్దనుకుంటే, ముఖ్యంగా కడప వాళ్లకి, మద్రాసు దగ్గర. అక్కడ 1855 నాటి ఈఐఆర్ 21 అనే స్టీమ్ ఇంజన్‌ని పెరంబూరులో బాగుచేశారు. ఆగస్టు 15 లాంటి రోజుల్లో ఎగ్మోర్, కోడంబాక్కం మధ్య నడిపారు. చిన్నది, ముద్దుగా ఉంటుంది. డబ్ల్యూపీ గర్జన మాత్రం ఆశించొద్దు.

సరే, తాత దగ్గరికి వద్దాం. ముందు వేరే చోట తీసిన వీడియో ఒకటి చూపించాను, ఊరి పేరు చెప్పను. చిమ్నీ నిండా నల్లటి పొగ, ఆకాశమంతా కమ్మేసింది. నాకు లైకులు తెచ్చింది అదే. తాత మొహం చిట్లించాడు. "ఏమిరా ఆ పొగ? వాడెవడో లెక్కాచారం లేకుండా పార ఏస్తాండాడు. బొగ్గు మండకుండా ఊరికే పైకి పోతాంది. మా కాలంలో అట్ల చేసింటే డ్రైవర్ పక్క స్టేషన్‌లోనే దింపేసేవాడు." కెమెరాల కోసం కావాలనే వేయిస్తారట తాతా అన్నాను. "బొగ్గేమన్నా వాళ్ల నాయన సొత్తా?"

అమెరికాలో 1941 నాటి బిగ్ బాయ్ 4014 అనే భారీ స్టీమ్ ఇంజన్‌ని 2019లో మళ్లీ లైను మీదికి తెచ్చారని, బొగ్గు మానేసి ఆయిల్‌తో మండేలా మార్చారని కూడా చెప్పాను. "అట్లయితే ఫైర్‌మ్యాన్ ఎందుకప్పా, ఇంట్లో పండుకోమను" అన్నాడు. అంతే, బిగ్ బాయ్ కథ ముగిసింది.

రేవాడీ వీడియో పెట్టాక ఫోన్ వైపు చూడలేదు. చెవి దగ్గర పెట్టుకుని, వేలితో మంచం కోడు మీద తాళం వేస్తున్నాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. "నాలుగూ సమంగా పడతాండాయి. వాల్వులు బాగా సెట్ చేసినారు." ఒక దెబ్బ బరువుగా, ఒకటి తేలిగ్గా పడితే, సిలిండర్లోకి ఆవిరి వదిలే ఆ వాల్వులు కుదరనట్టు, అది చెవితోనే పట్టేవారట.

మార్కులు అడిగాను. పదికి ఏడు. మూడు ఎందుకు కోశావు తాతా అంటే, ఫోన్ నా చేతికి ఇచ్చి, "ఇంజను బాగనే ఉందిరా. బయలుదేరేటప్పుడు 'వచ్చేసింది, వచ్చేసింది' అని అరిచినావు చూడు, ఆ మూడూ నీవి."