ప్లగ్గు పీకిన పెద్దాయన
(తిరుపతిలో సంగీత మిత్రుల నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు అధ్యక్షులవారు ఇప్పుడే చదివేశారు, నేను మళ్లీ చదవను. శాలువా మాత్రం కప్పకండి. ఈ ఎండల్లో తిరుపతిలో అది సన్మానం కాదు, శిక్ష.

నన్ను మాట్లాడమన్నది క్రాఫ్ట్‌వర్క్ గురించి. జర్మనీలో డ్యూసెల్‌డార్ఫ్ అనే ఊళ్లో 1970లో రాల్ఫ్ హుటర్, ఫ్లోరియన్ ష్నైడర్ మొదలుపెట్టిన బృందం. ఎలక్ట్రానిక్ మిషన్లతో సంగీతం చేసేవాళ్లు. ష్నైడర్ ముందు ఫ్లూటు వాయించేవాడు. మన సంగీత కళాశాల వాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. 1974లో 'ఆటోబాన్' అని 22 నిమిషాల పాట చేశారు. కళ్లు మూసుకుంటే కారులో హైవే మీద పోతున్నట్టే ఉంటుంది. 1986లో ఒక ఆల్బమ్ ఇచ్చారు. మళ్లీ కొత్త పాటల ఆల్బమ్ ఎప్పుడు? 2003లో. 17 ఏళ్లు! మధ్యలో 1991లో పాత పాటలే మళ్లీ చేసి ఇచ్చారు, అంతే. మన దగ్గర 17 నెలలు కచేరీ లేకపోతే 'ఆయన మానేశాడంట' అని అడ్వాన్సు ఇంకొకరికి ఇచ్చేస్తారు.

మిషన్లు వాయించేదానికి ఇంత కాలమెందుకు అనుకుంటున్నారు కదా? ముందు వరసలో నవ్వుతున్నారు కూడా. అందుకే ఇది చెప్పాలి.

30 ఏళ్ల కిందట చిత్తూరు దగ్గర ఒక పెళ్లి రిసెప్షన్. మా పాటకచేరీ. నేను కీబోర్డు, పక్కన మా అన్న రిథమ్ ప్యాడు. సొంత అన్న కాదు, అంతకంటే ఎక్కువ. నా కీబోర్డులో ఒక మెట్టు నొక్కితే లేచేది కాదు, కింద అగ్గిపుల్ల ముక్క పెట్టి వాయించేవాణ్ణి. మూడో పాటలో పెళ్లికూతురి పెదనాన్న స్టేజీ ఎక్కాడు. 'ఏమబ్బా, క్యాసెట్టు పెట్టి చేతులు ఆడిస్తా ఉండావా?' అన్నాడు. లేదయ్యా అన్నా. నమ్మలేదు. వెనక్కి పోయి ప్లగ్గు పీకేశాడు. కీబోర్డు ఆగింది, ప్యాడు ఆగింది, మైకూ ఆగింది. పాడే అమ్మాయి నోరు మాత్రం ఇంకా కదులుతోంది. 'చూడండి, అంతా కరెంటే!' అన్నాడు జనం వైపు తిరిగి. జనం చప్పట్లు కొట్టారు. ఆ రాత్రి పడిన చప్పట్లు అవొక్కటే. డబ్బులు సగమే ఇచ్చారు. మిగతా సగం కరెంటుకి ఇచ్చినట్టున్నారు.

అప్పటినుంచి ఎక్కడికి పోయినా నా కళ్లు ప్లగ్గుల మీదే. శాస్త్రీయ కచేరీల్లో విద్వాంసుల వెనక చిన్న పెట్టె ఉంటుంది, ఎలక్ట్రానిక్ తంబూర. బెంగళూరులో రాజ్ నారాయణ్ అనే ఇంజనీరు 1979లో చేశాడు. ఆయనా వేణువు వాయించేవాడే! దాని వైరు ఎవరూ పీకలేదే? మా ఊరి రామాలయంలో హారతి వేళకు స్విచ్చి వేస్తే మోటారు తిరిగి నగారా, గంట వాటంతట అవే మోగుతాయి. మా మనవడు దానికి డాన్సు కూడా వేస్తాడు. రాముడు ఎప్పుడూ అభ్యంతరం చెప్పలేదు.

సరే, ఆ 2003 ఆల్బమ్ సంగతి. టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ పందెం 1903లో మొదలైంది. దాని నూరేళ్ల పండక్కని చేశారు. పందెం జులైలో ముగిసింది, ఆల్బమ్ ఆగస్టులో వచ్చింది. తాళి కట్టినాక మేళం వచ్చినట్టు! అయినా జర్మనీలో మొదటి స్థానం కొట్టింది. హుటర్‌కు సైకిలంటే పిచ్చి. ఒక పాటలో గుండె చప్పుడునీ ఊపిరినీ తాళం చేశారు.

ష్నైడర్ 2008లో బృందం వదిలేశాడు, 2020లో పోయాడు. మా అన్న ఆ పెళ్లి అయిన నెలకే ప్యాడు అమ్మేశాడు. తర్వాత సెల్‌ఫోన్ రిపేరు షాపు పెట్టుకున్నాడు. మొన్న పోయి అడిగితే 'చేతులు తిరగవురా' అన్నాడు. ఈ 17 ఏళ్ల కథ చెప్పా. ఏమీ అనలేదు, స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. ఇవాళ వచ్చాడు, చివరి వరసలో ఉన్నాడు. లేవమంటే లేవడు. అయ్యా, అమ్మా, ఒక్కసారి వెనక్కి తిరిగి చప్పట్లు కొట్టండి. ఇంకా గట్టిగా. 30 ఏళ్ల బాకీ అది.

ఇక విందాం. బాబూ, ఫ్యాన్లు ఆపు, గుండె చప్పుడు వినపడాలి. ఆ ప్లగ్గు దగ్గర మాత్రం ఎవరినీ కూర్చోనివ్వకు.