బ్రాడ్‌వే మధ్యలో నేనూ అమ్మా, ఒక జంతిక ముక్క

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? ఈరోజు షాపింగూ లేదు, గుడీ లేదు. నేనూ అమ్మా న్యూయార్క్‌లో బ్రాడ్‌వే రోడ్డు నడిమధ్యన కూర్చున్నాం. మన్‌హాటన్‌లో 70వ వీధి దాటి పైకి వస్తే ఈ రోడ్డుకి చెట్లూ పూలమొక్కలూ ఉన్న వెడల్పాటి డివైడర్ ఉంటుంది, క్రాసింగుల దగ్గర బెంచీలు వేశారు. అమ్మ నరసరావుపేట నుంచి వచ్చి రెండు నెలలైంది, ఇంట్లో ఏమీ తోచక సాయంత్రమైతే ఇక్కడికే తీసుకెళ్ళమంటుంది.

మొన్న జంతికలు తింటుంటే చిన్న ముక్క కింద పడింది. తీయబోతే "ఉండవే, చీమలొచ్చాయి చూడు" అంది. వంగి చూస్తే రాళ్ళ సందులో గోరంత ఇసుక కుప్ప, అందులోంచి ముదురు గోధుమరంగు చీమలు, ఒక్కోటి మూడు మిల్లీమీటర్లు ఉంటుందేమో. ముందు ఒక్కటే వచ్చి ముక్క చుట్టూ మీసాలు ఆడించుకుంటూ తిరిగి వెళ్ళిపోయింది, కాసేపటికి బారు కట్టేశాయి. ముక్క బరువెక్కువ కదా, అంచులు కొరికి రవ్వంత రవ్వంత పట్టుకుపోతున్నాయి. దాన్నుంచి నువ్వుగింజ ఒకటి ఊడితే నాలుగు కలిసి సందు దాకా ఈడ్చుకెళ్ళాయి, అక్కడ పట్టలేదు, అడ్డం తిప్పి నిలువు తిప్పి మొత్తానికి లోపలికి దించేశాయి. ఆ చూడ్డంలో పడి నేను వీడియో తీయడమే మర్చిపోయాను.

వీటిని ఇక్కడ పేవ్‌మెంట్ యాంట్స్ అంటారు. యూరప్ నుంచి వచ్చి స్థిరపడిన జాతి, శాస్త్రీయ నామం టెట్రామోరియం ఇమిగ్రాన్స్. ఇమిగ్రాన్స్ అంటే వలస వచ్చినదని! వీసాల టెన్షన్‌లో బతికేవాళ్ళం, ఆ పేరు చదివాక వాటి మీద ఇష్టం ఇంకా పెరిగింది.

వీటి మీద నార్త్ కరొలైనా స్టేట్ యూనివర్సిటీ నుంచి ఎల్సా యంగ్‌స్టెడ్ గారి బృందం చేసిన పరిశోధన 2014లో వచ్చింది. ఇలాంటి డివైడర్ల మీదా, పార్కుల్లోనూ చిప్స్, కుకీలు, హాట్‌డాగ్ ముక్కలు తూచి పెట్టారు, కొన్నిటికి ఎలుకలూ పక్షులూ దూరకుండా జాలీ అడ్డం పెట్టి, ఒక రోజు ఆగి మిగిలింది మళ్ళీ తూచారు. పార్కులో రకరకాల పురుగులుంటాయి కాబట్టి అక్కడే ఎక్కువ తింటాయనుకుంటాం కదా, కానీ డివైడర్ల మీదే రెండు మూడు రెట్లు ఎక్కువ ఖాళీ అయింది. కారణం ఎక్కువగా ఈ చీమే. బ్రాడ్‌వే, వెస్ట్ స్ట్రీట్ డివైడర్ల మీద పురుగులన్నీ కలిసి ఏడాదికి 60,000 హాట్‌డాగ్‌లంత తిండి తినేయగలవని లెక్క తేల్చారు, అంటే దాదాపు టన్ను! చీమలు తినేసింది ఇక ఎలుకలకి దొరకదు. న్యూయార్క్ ఎలుకల సంగతి ఇక్కడ ఉండేవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

ఇంకో సంగతి అమ్మే పట్టుకుంది. చెట్టు మొదలు మీద ఇంకో రకం చీమలు పైకీ కిందికీ తిరుగుతుంటే "పైన ఆకులకి పేనుబంక ఉండుంటుంది" అంది. మిరప, పత్తి చేలల్లో తిరిగిన మనిషి మరి. కొమ్మ వంచి చూస్తే నిజంగానే ఆకు అడుగున పేనుబంక, అంటే ఆకు రసం పీల్చే చిన్న పురుగులు, పైన అవి వదిలిన జిగురు మెరుస్తోంది. ఆ తియ్యటి జిగురు కోసమే చీమల తిరుగుడంతా.

నా మాట ఒక్కటే అండీ. వంటింట్లోకి వస్తే గట్టు తుడవండి, వచ్చే కంత మూసేయండి, నేనూ అదే చేస్తాను. కానీ బయట ఫుట్‌పాత్ సందుల్లో కనబడ్డాయని వేణ్ణీళ్ళు పోయడం, స్ప్రే కొట్టడం మాత్రం దయచేసి వద్దు. మా బిల్డింగ్ ముందు ఎవరో అలాగే కొట్టారు, అది చూసి అమ్మ "ఊళ్ళో వాటికి అందుతుందనే కదే బియ్యప్పిండితో ముగ్గేసేది" అని చాలాసేపు బాధపడింది.

ఇదిగో, ఇప్పుడు సంచిలోంచి చేగోడీ తీసింది. ఆవగింజంత తుంచి ఆ సందు పక్కన పెట్టింది. ఈసారి కెమెరా ఆన్‌లోనే ఉంది, ఆగండి, ఒకటి బయటికొచ్చింది.