యువ వ్యూహకర్తను తూకం వేసేటప్పుడు

శ్రోతలకు నమస్కారం.

2017 ఫిబ్రవరి 5వ తేదీన అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో జరిగిన, అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ విజేతను తేల్చే సూపర్ బౌల్ పోటీలో అట్లాంటా ఫాల్కన్స్ జట్టు ఒక దశలో 28-3 ఆధిక్యంలో ఉండి కూడా, చివరికి న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ చేతిలో 34-28 తేడాతో ఓడిపోయింది. ఆ మర్నాడే, ఫాల్కన్స్ తరఫున దాడి ఎత్తులన్నీ వేసిన 37 ఏళ్ల కైల్ షానహాన్‌ను శాన్ ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్ యాజమాన్యం తమ ప్రధాన శిక్షకుడిగా ప్రకటించింది. రాత్రి ఎవరి నిర్ణయాలను దేశమంతా తప్పుబట్టిందో, తెల్లవారేసరికి ఆయన చేతికే ఒక జట్టు పగ్గాలు అప్పగించడం చాలామందికి మింగుడుపడలేదు. నా దృష్టిలో తప్పుబట్టినవారిదీ పొరపాటు కాదు, పగ్గాలు అప్పగించినవారిదీ పొరపాటు కాదు. ఒక మనిషి వేసిన ఎత్తు తప్పు కావడం, ఆ మనిషి సమర్థుడు కావడం ఒకేసారి నిజం కాగలవని ఒప్పుకుంటే తప్ప ఒక యువ ఆఫెన్సివ్ కోఆర్డినేటర్‌ను సరిగా అంచనా వేయలేము.

ముందుగా ఆ ఉద్యోగం ఎలాంటిదో కొంత చెప్పుకోవాలి. అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతి చేతిలో ఉన్న జట్టుకు పది గజాలు ముందుకు వెళ్లడానికి నాలుగు అవకాశాలు ఉంటాయి. ఒక్కొక్క అవకాశాన్ని డౌన్ అంటారు. క్రికెట్‌లో ఏ షాట్ కొట్టాలో బంతి వచ్చాక బ్యాటర్ తేల్చుకుంటాడు. ఇక్కడ మాత్రం ప్రతి డౌన్‌కూ పదకొండుమందిలో ఎవరు ఎక్కడ నిలబడాలి, ఎవరు ఎటు పరుగెత్తాలి, ఎవరు ఎవరిని అడ్డుకోవాలి అన్నది ఆట కదలకముందే నిర్ణయమైపోతుంది. చాలా జట్లలో ఆ నిర్ణయం కోఆర్డినేటర్‌దే. ఆయన మైదానం అంచున గానీ, పైన గాజు గదిలో గానీ ఉండి, చేతిలోని జాబితా చూసుకుంటూ ఎత్తు పేరును, బంతి అందుకొని దాడిని నడిపే ఆటగాడైన క్వార్టర్‌బ్యాక్ శిరస్త్రాణంలోని చిన్న స్పీకర్‌కు వినిపిస్తారు. రెండు ఎత్తుల మధ్య ఉండే గడువు సాధారణంగా 40 సెకన్లు. అందులో 15 సెకన్లు మిగిలి ఉండగానే ఆ మాట తెగిపోతుంది. అంటే ఎదుటివారి అమరికను ఊహించి, గాయపడి బయటికి వెళ్లినవారిని లెక్కలోకి తీసుకొని, గడియారం చూసుకొని, ఆయన తేల్చుకోవడానికి దొరికే సమయం అరనిమిషం కూడా ఉండదు. ఇలాంటి నిర్ణయాలు ఒక్కొక్క మ్యాచ్‌లో అరవై డెబ్బై దాకా ఉంటాయి. మనం వాటిలో రెండో మూడో గుర్తుపెట్టుకొని తీర్పు చెబుతాము.

షానహాన్ ఈ పనిలోకి చాలా చిన్న వయసులో వచ్చారు. 2008లో హ్యూస్టన్ టెక్సన్స్ ఆయనను కోఆర్డినేటర్‌ను చేసినప్పుడు ఆయనకు 28 ఏళ్లు. తండ్రి మైక్ షానహాన్ పేరుమోసిన శిక్షకుడు కావడం వల్ల, ఇది వారసత్వంగా దొరికిన కుర్చీ అన్న మాట ఆయనను చాలాకాలం వెంటాడింది. ఆ మాటకు జవాబు 2012లో, తండ్రే ప్రధాన శిక్షకుడిగా ఉన్న వాషింగ్టన్ జట్టులో దొరుకుతుంది. ఆ ఏడాది ఆయన చేతికి రాబర్ట్ గ్రిఫిన్ అనే కొత్త క్వార్టర్‌బ్యాక్, కొత్త ఆటగాళ్ల ఎంపికలో ఆరో రౌండ్‌లో గానీ ఎంపిక కాని ఆల్ఫ్రెడ్ మోరిస్ అనే పరుగుల ఆటగాడు వచ్చారు. గ్రిఫిన్ కళాశాలలో ఏ పద్ధతిలో ఆడాడో దానికి దగ్గరగా తన పద్ధతిని మలుచుకొని, షానహాన్ ఆ జట్టును పరుగు గజాల్లో లీగ్ మొత్తానికి మొదటి స్థానంలో నిలబెట్టారు. మోరిస్ ఒక్కడే 1,613 గజాలు పరుగెత్తాడు. మరుసటి ఏడాది అదే జట్టు 3 మ్యాచ్‌లు గెలిచి 13 ఓడిపోగా తండ్రీకొడుకులిద్దరూ ఉద్యోగం పోగొట్టుకున్నారు. ఆ తర్వాత క్లీవ్‌లాండ్‌లో ఒకే ఒక్క సంవత్సరం. 2015లో అట్లాంటా.

అట్లాంటాలో గడిచిన రెండేళ్లూ నిలబడి చూడదగినవి. ఆల్ఫరెటా, కమింగ్ వంటి అట్లాంటా శివారు పట్టణాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లల్లో ఈ జట్టును సొంతం చేసుకొని పెరిగినవారు ఉన్నారు. వారికి ఈ కథ నేను చెప్పవలసిన అవసరం లేదు. 2015లో ఫాల్కన్స్ మొదటి ఐదు మ్యాచ్‌లూ గెలిచి, తర్వాత కుప్పకూలి, 8 గెలుపులు, 8 ఓటములతో సీజన్ ముగించారు. జట్టు మొత్తం పాయింట్లు 339. క్వార్టర్‌బ్యాక్ మ్యాట్ ర్యాన్ 16 సార్లు బంతిని ప్రత్యర్థి చేతికి విసిరాడు. ఈ కొత్త పద్ధతి ర్యాన్‌కు నప్పదని, కోఆర్డినేటర్‌ను మార్చాలని చాలామంది గట్టిగానే వాదించారు. యాజమాన్యం మార్చలేదు. 2016లో అదే ర్యాన్ 38 టచ్‌డౌన్ పాస్‌లు, అంటే బంతిని ప్రత్యర్థి చివరి గీత దాటించి పాయింట్లు తెచ్చే పాస్‌లు, విసిరి, కేవలం 7 సార్లు బంతి పోగొట్టుకొని, లీగ్ అత్యుత్తమ ఆటగాడిగా ఎంపికయ్యాడు. జట్టు పాయింట్లు 540కి చేరాయి. లీగ్‌లో అవే అత్యధికం. ముందు వరుస మధ్యలో ఉండే సెంటర్ స్థానంలోకి అలెక్స్ మ్యాక్ రావడం వంటి మార్పులు తోడ్పడిన మాట నిజమే. అయితే 2017లో షానహాన్ వెళ్లిపోయాక, దాదాపు అదే ఆటగాళ్లతో మరో కోఆర్డినేటర్ కింద ఆడిన ఫాల్కన్స్ చేసిన పాయింట్లు 353. ఒక కోఆర్డినేటర్ విలువ ఎంతో ఇంత సూటిగా చూపే మూడు అంకెలు అరుదుగా దొరుకుతాయి.

ఆ విలువ ఎక్కడి నుంచి వచ్చిందో కాస్త దగ్గరగా చూద్దాం. షానహాన్ పద్ధతికి మూలస్తంభం అవుట్‌సైడ్ జోన్ అనే పరుగు. బంతి కదలగానే ముందు వరుసలోని ఐదుగురు భారీ ఆటగాళ్లూ ఒకేసారి ఒకే పక్కకు, ఉదాహరణకు కుడివైపుకు, అడుగు వేస్తారు. ఎదుటి వరుస కూడా తప్పనిసరిగా అటే జరుగుతుంది. బంతి అందుకున్నవాడు ఎక్కడ సందు దొరికితే అక్కడ దూరిపోతాడు. ఒక్కోసారి రెండు గజాలు వస్తాయి, ఒక్కోసారి మూడు. చూసేవారికి ఇందులో విశేషమేమీ కనిపించదు. ఇదే పరుగు నాలుగైదు సార్లు వచ్చాక, సరిగ్గా అదే అమరికతో, అదే తొలి అడుగుతో మరో ఎత్తు వస్తుంది. క్వార్టర్‌బ్యాక్ బంతిని అందించినట్టు నటించి, దానిని తుంటి దగ్గర దాచుకొని, అందరూ కుడికి పోతుంటే తాను ఎడమకు పరుగెత్తి, ఒంటరిగా మిగిలిన తనవాడికి విసురుతాడు. ఇరవై గజాలు వచ్చేస్తాయి. ప్రేక్షకులు ఈ రెండో ఎత్తుకు చప్పట్లు కొడతారు. నిజానికి దాన్ని సాధించి పెట్టినవి అంతకుముందు రెండేసి గజాలు తెచ్చిన ఆ పరుగులే. అందుకే ఒక యువ కోఆర్డినేటర్ ఎత్తులను విడివిడిగా తూచకూడదని నేను గట్టిగా నమ్ముతాను. మొదటి క్వార్టర్‌లో వేసిన ఎత్తు మూడో క్వార్టర్‌లో దేనికి దారి తీసింది, ఎదుటివారు సర్దుకున్నాక ఆయన దగ్గర మరో జవాబు ఉందా లేదా అన్నది చూడాలి. ముందుగా రాసిపెట్టుకున్న తొలి పదిహేను ఎత్తులతో ఒక టచ్‌డౌన్ సాధించి, ఆ తర్వాత మ్యాచ్ అంతా తడుముకునే కోఆర్డినేటర్లు కొందరుంటారు. వారు వారమంతా బాగా చదువుకున్నవారే గాని, మారుతున్న ఆటను అప్పటికప్పుడు చదవగలిగినవారు కారు.

ఇక ఆ హ్యూస్టన్ రాత్రికి వద్దాం. విమర్శకులు ముఖ్యంగా రెండు ఎత్తులను పట్టుకున్నారు. ఆ రెండింటినీ ఒకే గాటన కట్టడం నాకు సమ్మతం కాదు.

మొదటిది నాలుగో క్వార్టర్‌లో సుమారు ఎనిమిదిన్నర నిమిషాలు మిగిలి ఉన్నప్పటిది. స్కోరు 28-12. మూడో డౌన్, కావలసింది ఒక్క గజం. షానహాన్ పరుగు కాకుండా పాస్ పిలిచారు. దూసుకొచ్చిన డాంటా హైటవర్‌ను అడ్డుకోవలసిన డెవొంటా ఫ్రీమన్ ఆ పని చేయలేకపోయాడు. హైటవర్ దెబ్బకు ర్యాన్ చేతిలోని బంతి జారి ప్రత్యర్థుల పాలైంది. ఈ ఎత్తులో సాహసం ఉంది, దాని వెనుక తర్కమూ ఉంది. ఒక్క గజం కావలసినప్పుడు అందరూ పరుగే ఊహిస్తారు. ఆ సీజన్ అంతా ఇలాంటి తెగువతోనే ఆ జట్టు 540 పాయింట్లు కూడబెట్టింది. అడ్డుకోవలసినవాడు అడ్డుకొని ఉంటే మనం ఈ ఎత్తు ఊసే ఎత్తేవాళ్లం కాదు. దీనికి నేను షానహాన్‌ను తప్పుపట్టను.

రెండోది వేరు. స్కోరు 28-20. ఇంకా నాలుగున్నర నిమిషాలకు పైగా సమయం ఉంది. హూలియో జోన్స్ మైదానం అంచున కాళ్లు రెండూ గీతకు లోపలే ఉంచి ఒక అద్భుతమైన పాస్ అందుకోవడంతో బంతి పేట్రియట్స్ 22వ గజం దగ్గరికి చేరింది. అక్కడి నుంచి ఫీల్డ్ గోల్, అంటే బంతిని తన్ని గోల్ స్తంభాల మధ్య నుంచి పంపి మూడు పాయింట్లు సాధించే కిక్, దూరం సుమారు 40 గజాలు. మ్యాట్ బ్రయంట్ వంటి నమ్మకమైన కిక్కర్‌కు అది కష్టమైనది కాదు. అది పడితే స్కోరు 31-20 అయ్యేది, ప్రత్యర్థి రెండుసార్లు స్కోరు చేయవలసి వచ్చేది. మొదటి డౌన్‌లో పరుగెత్తి ఒక గజం కోల్పోయారు. అప్పుడు మరో రెండుసార్లు పరుగెత్తి ఒక్క గజం కూడా సాధించకపోయినా, గడియారం కరిగిపోయేది, లేదా పేట్రియట్స్ గడియారాన్ని ఆపడానికి తమ దగ్గరున్న టైమ్‌అవుట్లు ఖర్చు చేసుకోవలసి వచ్చేది. షానహాన్ పాస్ పిలిచారు. ట్రే ఫ్లవర్స్ ర్యాన్‌ను 12 గజాల వెనక పడగొట్టాడు. ఆ వెంటనే ప్రత్యర్థిని చేతులతో పట్టి ఆపిన హోల్డింగ్ తప్పిదానికి మరో పది గజాల జరిమానా పడింది. ఫీల్డ్ గోల్ అందనంత దూరం వెనక్కి జరిగిపోయి, ఫాల్కన్స్ బంతిని పంట్ చేశారు, అంటే దూరంగా తన్ని ప్రత్యర్థికి అప్పగించారు. అక్కడి నుంచి పేట్రియట్స్ 91 గజాలు ప్రయాణించి స్కోరు సమం చేశారు, అదనపు సమయంలో గెలిచారు.

ఇక్కడ అడ్డుకునేవారి లోపం ఉన్నా, అసలు లోపం ఎత్తును ఎంచుకోవడంలోనే ఉంది. ఆ క్షణంలో జట్టుకు కావలసింది గజాలు కాదు. అప్పటికే చేతిలో ఉన్న మూడు పాయింట్లను పోగొట్టుకోకుండా ఉండడం. దాడిని నడిపే మనసు వేరు, మ్యాచ్‌ను ముగించే మనసు వేరు. మొదటిది షానహాన్‌కు పుష్కలంగా ఉంది, రెండోది ఆ రాత్రి లోపించింది. ప్రధాన శిక్షకుడు డాన్ క్విన్‌కు ఆ ఎత్తును మార్చించే అధికారం ఉంది గనుక బాధ్యత ఆయనకూ చెందుతుంది. ఆ మ్యాచ్‌లో పేట్రియట్స్ 93 ఎత్తులు ఆడగా ఫాల్కన్స్ ఆడినవి 46 మాత్రమే అన్న సంగతిని కూడా గుర్తుంచుకోవాలి. అలసిపోయిన రక్షణ ఆటగాళ్లకు ఊపిరి తీసుకునే వ్యవధి ఇవ్వడం కూడా కోఆర్డినేటర్ పనిలో భాగమే.

తర్వాతి చరిత్ర రెండు పక్షాల మాటనూ నిలబెట్టింది. 2020 జనవరిలో, తన లీగ్ విభాగపు ఫైనల్లో, షానహాన్ జట్టు క్వార్టర్‌బ్యాక్ మొత్తం మ్యాచ్‌లో విసిరినవి 8 పాస్‌లే. అంతకుముందు అనేక జట్లు వదిలేసిన రహీమ్ మోస్టర్ట్ 220 గజాలు పరుగెత్తి నాలుగు టచ్‌డౌన్లు చేశాడు. ఫార్టీనైనర్స్ 37-20తో గెలిచారు. రెండు వారాల తర్వాత సూపర్ బౌల్‌లో నాలుగో క్వార్టర్‌లో 20-10 ఆధిక్యంలో ఉండి, కాన్సాస్ సిటీ చేతిలో 31-20తో ఓడారు. ప్రతిభా అదే, బలహీనతా అదే.

ఇదే కొలతతో బెన్ జాన్సన్‌ను చూడవచ్చు. 2022లో డెట్రాయిట్ లయన్స్ ఆయనను కోఆర్డినేటర్‌ను చేసింది. మరో జట్టు వదులుకున్న జారెడ్ గాఫ్‌తోనే ఆయన ఆ జట్టును నడిపించి, 2024లో లీగ్‌లోనే అత్యధికంగా 564 పాయింట్లు చేయించారు. ఆ డిసెంబరులో చికాగో మీద గాఫ్ కాలు తడబడినట్టు నటించగా, పక్కనున్న జమీర్ గిబ్స్ నేల మీద పడిపోయినట్టు నటించగా, ఎదుటివారు ఒక్క క్షణం ఆదమరచిన వేళ శామ్ లాపోర్టాకు టచ్‌డౌన్ పాస్ వెళ్లింది. అందరూ మెచ్చుకున్నారు. నెల తిరగకముందే, వాషింగ్టన్ మీద నాకౌట్ మ్యాచ్‌లో నాలుగో క్వార్టర్‌లో వెనకబడి ఉన్నప్పుడు, పాస్‌లు అందుకునే రిసీవర్ జేమ్సన్ విలియమ్స్ చేత పాస్ విసిరించిన మాయ ఎత్తు బెడిసికొట్టి బంతి ప్రత్యర్థికి చిక్కింది. లయన్స్ 45-31తో ఓడారు. మెచ్చుకున్న నోళ్లే తిట్టాయి. నా అభ్యంతరం అది మాయ ఎత్తు అయినందుకు కాదు. గిబ్స్ ఆ రోజు వందకు పైగా గజాలు పరుగెత్తాడు. అలా బాగా నడుస్తున్న చేతిని వదిలి, పాస్ విసరడం వృత్తి కాని వాడి చేతికి సీజన్‌ను అప్పగించడం మీదే నా అభ్యంతరం. అయినా వెంటనే ఆయనను ప్రధాన శిక్షకుడిగా తీసుకున్న చికాగో బేర్స్ నిర్ణయం సరైనదేనని నేను అనుకుంటాను. అంతకుముందు రెండేళ్లూ పెద్ద పదవి కోసం తొందరపడకుండా డెట్రాయిట్‌లోనే ఉండి పని నేర్చుకున్న తీరు కూడా ఆయన పక్షాన లెక్కించదగినదే.

చికాగోలో ఆయన చేతికి వచ్చిన కేలబ్ విలియమ్స్ 2024లో, తన తొలి సీజన్‌లో, 68 సార్లు బంతితో సహా పడగొట్టబడ్డాడు. క్వార్టర్‌బ్యాక్ ఎన్నిసార్లు పడతాడన్నది కొంత ముందు వరుస మీద, కొంత అతని అలవాట్ల మీద ఆధారపడితే, మిగిలినదంతా బంతిని ఎంత త్వరగా వదిలే ఎత్తులు పిలుస్తున్నారన్న దాని మీద ఆధారపడుతుంది. జాన్సన్‌ను తూచదలచినవారు టెలివిజన్‌లో పదేపదే చూపించే మాయ ఎత్తులను కాసేపు పక్కన పెట్టి, ముందుగా ఆ 68 అన్న అంకె ఆయన చేతిలో ఏటికేడాది ఎటు కదిలిందో చూడాలి.