కణం ఆయుష్షు: ఒంట్లో ఒక లెక్క, ఫ్రీజర్‌లో ఇంకో లెక్క

నమస్కారం. కణం ఎన్నాళ్లు బతుకుతుంది అని అడిగితే ఒక్క ముక్కలో జవాబు చెప్పలేం. ఏ కణం, ఎక్కడుంది అన్నది ముందు తేలాలి. మనిషి చిన్నపేగు లోపలి పొరలో కణాలు నాలుగైదు రోజులకే రాలిపోతాయి. మెదడులోని న్యూరాన్లలో చాలావరకు మాత్రం మనం పోయేదాకా మనతోనే ఉంటాయి.

ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది ఎర్ర రక్తకణం. దీని ఆయుష్షు దాదాపు 120 రోజులు. ఎందుకంత తక్కువ? దానికి కేంద్రకం లేదు, మైటోకాండ్రియా లేవు. ఏదైనా ప్రోటీన్ పాడైతే కొత్తది తయారు చేసుకునే దారే లేదు. సన్నటి కేశనాళికల్లో నలుగుతూ తిరిగీ తిరిగీ దాని పొర బిరుసెక్కుతుంది. చివరికి ప్లీహంలోని ఇరుకు సందుల్లో దూరలేక చిక్కుకుంటే, పాత కణాలను ఏరిపారేసే మాక్రోఫేజ్‌లనే తెల్ల కణాలు మింగేస్తాయి. అందులోని ఇనుము మాత్రం వృథా పోదు, కొత్త కణాల తయారీకి వెళ్తుంది. చిట్టెలుకలో అయితే ఇదే కణం దాదాపు 40 రోజులే ఉంటుంది.

ఇప్పుడు ఆ కణాన్నే సంచిలోకి తెద్దాం. బ్లడ్ బ్యాంకులో ఎర్ర కణాలను 2 నుంచి 6 డిగ్రీల మధ్య ఉంచుతారు. కలిపిన ద్రావణాన్ని బట్టి 35 లేదా 42 రోజులు గడువు. చల్లదనం జీవక్రియను నెమ్మది చేస్తుందే గానీ ఆపదు. గ్లూకోజ్ కరిగిపోతూ ఉంటుంది, లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది, పొటాషియం బయటికి కారుతుంది.

ప్లేట్‌లెట్లతో వేరే తిరకాసు. చల్లబెడితే వాటి ఆకారం మారిపోతుంది, ఎక్కించాక కాలేయం వాటిని త్వరగా ఏరిపారేస్తుంది. అందుకే 20 నుంచి 24 డిగ్రీల దగ్గర, మెల్లగా ఊపుతూ ఉంచుతారు. ఆ వేడికి బ్యాక్టీరియా కూడా హాయిగా పెరుగుతుంది. కాబట్టి గడువు మామూలుగా 5 రోజులే.

మరి ఏళ్ల తరబడి దాచాలంటే? ద్రవ నైట్రోజన్, మైనస్ 196 డిగ్రీలు. ఇక్కడ కణాన్ని చంపేది చలి కాదు, మంచు. గబుక్కున గడ్డకడితే కణం లోపలే స్ఫటికాలు ఏర్పడి పొరలు చిరిగిపోతాయి. అందుకని మంచు దెబ్బ నుంచి కాపాడే డీఎంఎస్‌ఓ అనే ద్రవాన్ని 10 శాతం కలిపి, నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున చల్లారుస్తారు. కణంలోని నీళ్లు మెల్లగా బయటికి వచ్చేంత వ్యవధి దొరుకుతుంది. మైనస్ 80 ఫ్రీజర్ తాత్కాలికమే, అక్కడే వదిలేయకండి.

కరిగించేటప్పుడు మాత్రం అంతా తలకిందులు: తొందరపడాలి. వయల్‌ను, అంటే కణాలున్న చిన్న గొట్టాన్ని, 37 డిగ్రీల నీళ్లలో ఉంచి తిప్పుతూ ఉండండి. ఇదిగో, లోపల బఠాణీ గింజంత మంచు మిగిలింది చూశారా? ఇప్పుడే తీసేయాలి. వెచ్చటి మీడియంలోకి, అంటే కణాలను పెంచే పోషక ద్రవంలోకి, చుక్కచుక్కగా కలపండి. వెచ్చగా ఉన్నప్పుడు డీఎంఎస్‌ఓ కణాలకు విషం, ఆలస్యం చేయొద్దు.

ఇంకో విషయం, నాకు అన్నిటికన్నా నచ్చేది. మామూలు మానవ కణాలు కల్చర్‌లో, అంటే ఒంటి బయట ల్యాబ్‌లో పెంచినప్పుడు, 40 నుంచి 60 సార్లు విభజన చెంది ఆగిపోతాయని 1961లో హేఫ్లిక్, మూర్‌హెడ్ అనే శాస్త్రవేత్తలు చూపించారు. 20 విభజనల దగ్గర గడ్డకట్టించిన కణాలు, ఎన్నేళ్ల తర్వాత కరిగించినా, ఆ 20 దగ్గరి నుంచే లెక్క అందుకుంటాయి. అందుకే ఈ వయల్ మీద తేదీతో పాటు పాసేజ్ నంబర్, అంటే కణాలను ఎన్నిసార్లు కొత్త పాత్రలోకి మార్చామన్న లెక్క, కూడా రాశాను.