కోల్‌కతా మైదాన్ జెండాలు: రంగుల వెనక చరిత్ర, కుట్టే పద్ధతి

[తెరపై: పక్కపక్కన మూడు జెండాలు. ఆకుపచ్చ–మెరూన్, ఎరుపు–బంగారు, నలుపు–తెలుపు]

వాయిస్: మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మొహమ్మదన్ స్పోర్టింగ్. నగరం మధ్యలో ఉన్న పెద్ద బయలు, కోల్‌కతా మైదాన్‌లో ఈ మూడు ఫుట్‌బాల్ క్లబ్బులకూ టెంట్లున్నాయి, గ్రౌండ్లున్నాయి. వీటి జెండా చూసేటప్పుడు రంగునీ గుర్తునీ విడివిడిగా చూడండి. గుర్తు మారొచ్చు, మధ్యలో వచ్చి చేరొచ్చు. రంగు మాత్రం అభిమానులు మారనివ్వరు.

[తెరపై: ఆకుపచ్చ–మెరూన్ జెండా, దాని మీద తెరచాప పడవ]

వాయిస్: మోహన్ బగాన్ పుట్టింది 1889 ఆగస్టు 15న, ఉత్తర కోల్‌కతాలో. ఇప్పుడు జెండా మీద కనిపించే తెరచాప పడవ మొదటి గుర్తు కాదు. అంతకుముందు కొబ్బరిచెట్టు కింద కూర్చున్న పులి ఉండేది. 1911 జూలై 29న ఐఎఫ్ఏ షీల్డ్ అనే ఫుట్‌బాల్ పోటీ ఫైనల్లో ఈ జట్టు బ్రిటిష్ సైన్యానికి చెందిన ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ని 2–1తో ఓడించింది. పదకొండు మందిలో పది మంది ఆడింది ఒట్టి కాళ్లతోనే. సుధీర్ చటర్జీ ఒక్కరే బూట్లు వేసుకున్నారు. ఒక భారతీయ జట్టు ఆ షీల్డ్ గెలవడం అదే మొదలు. జూలై 29ని క్లబ్ ఇప్పటికీ మోహన్ బగాన్ దినంగా జరుపుకుంటుంది.

2020లో ఫుట్‌బాల్ జట్టు కోల్‌కతాలోనే ఉన్న ఏటీకే అనే మరో క్లబ్‌తో కలిసింది. ఆకుపచ్చ–మెరూన్, పడవ అలాగే ఉన్నాయి, పేరు ముందు మాత్రం ఏటీకే వచ్చి చేరింది. అభిమానులు దాన్ని ఒప్పుకోలేదు. స్టేడియంలో బ్యానర్లు పట్టారు, వీధుల్లో నిరసన చేశారు. 2023లో ఆ మూడక్షరాలు పోయాయి. రంగులు కూడా మార్చి ఉంటే ఆ గొడవ ఎక్కడిదాకా పోయేదో ఊహించుకోవచ్చు.

[తెరపై: ఎరుపు–బంగారు జెండా, కాగడా]

వాయిస్: ఈస్ట్ బెంగాల్ ఒక అవమానంలోంచి పుట్టింది. 1920 జూలై 28న మోహన్ బగాన్ మీద ఆడాల్సిన జోరాబగాన్ జట్టులోంచి శైలేశ్ బోస్ అనే ఆటగాణ్ని తప్పించారు. ఆయన తూర్పు బెంగాల్ మూలాలున్నవాడు కాబట్టే తప్పించారని జోరాబగాన్ ఉపాధ్యక్షుడు సురేశ్ చంద్ర చౌధురి భావించారు. ఆయన బయటికొచ్చి, మరికొందరితో కలిసి ఆగస్టు 1న కొత్త క్లబ్ పెట్టారు. రంగుల కోసం చౌరంగీలోని వైట్‌అవే లెయిడ్‌లా దుకాణానికి వెళ్తే, అక్కడ ఎరుపు–బంగారు చొక్కా కంటపడి అదే ఖాయం చేశారని క్లబ్ చరిత్రలో చెప్పుకుంటారు. అంటే ఆ రంగులకి ముందుగా అనుకున్న అర్థమేమీ లేదు. అర్థం తర్వాత వచ్చింది. 1947 విభజనతో ఇల్లూ వాకిలీ వదిలి వచ్చిన లక్షల మందిలో ఎందరికో, పోయిన ఊరి పేరుతో మిగిలింది ఈ జెండా ఒక్కటే.

కాగడా కథ 1930 నాటిది. శాసనోల్లంఘన ఉద్యమ కాలంలో కలకత్తా లీగ్ మధ్యలో ఆగిపోయింది. రెండో డివిజన్‌లో ముందున్న ఈస్ట్ బెంగాల్‌కి పై డివిజన్ దక్కలేదు. అభిమానులు కాగడాలు పట్టుకుని ఊరేగారు. క్లబ్ ఆ కాగడానే తన గుర్తు చేసుకుంది.

అభిమానుల బ్యానర్ల మీద చేపా రొయ్యా కనిపిస్తే ఆశ్చర్యపోకండి. ఈస్ట్ బెంగాల్‌ది ఇలిస, మోహన్ బగాన్‌ది రొయ్య. ఇలిస అంటే వేరే చేప కాదు, గోదావరిలోకి ఎదురీదొచ్చాక మనం పులస అంటామే, అదే.

[తెరపై: నలుపు–తెలుపు జెండా]

వాయిస్: మొహమ్మదన్ స్పోర్టింగ్ ఆ పేరుతో నిలబడింది 1891లో. 1898లో మొదలైన కలకత్తా లీగ్‌ని భారతీయ క్లబ్ ఏదీ గెలవని రోజుల్లో, 1934లో గెలిచింది. అక్కడితో ఆగలేదు, 1938 దాకా వరసగా ఐదేళ్లూ గెలిచింది. 1940లో డ్యూరాండ్ కప్పు కూడా.

[తెరపై: కొలతలు వేసిన జెండా బొమ్మ]

వాయిస్: ఇక కుట్టడం. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల ఎత్తు, రెండు అడ్డపట్టీలు అనుకుందాం. పాలిస్టర్ గుడ్డ తీసుకోండి. కలకత్తా లీగ్ వానల్లో ఆడతారు. నూలు గుడ్డ నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, ఇక ఎగరదు.

ఒక్కో పట్టీ 77 అంగుళాల పొడవు, 25.5 అంగుళాల వెడల్పు కత్తిరించండి. వెడల్పులో 24 అంగుళాలు కనిపించే భాగం, అర అంగుళం మధ్య కుట్టుకి, ఒక అంగుళం బయటి మడతకి. పొడవులో 72 పోగా, కర్ర దూర్చే గొట్టానికి మూడున్నర, ఎగిరే అంచుకి ఒకటిన్నర. కుట్టాక గొట్టం మూడంగుళాలొస్తుంది, అంగుళం పీవీసీ పైపు సులువుగా దూరుతుంది.

చిరుగు ఎప్పుడూ ఎగిరే వైపు మూలల్లోనే మొదలవుతుంది, ఎందుకంటే గాలికి కొరడాలా కొట్టుకునేది ఆ చివరే. అందుకే ఆ అంచున నాలుగు వరసల కుట్టు వేయండి. మిగతా చోట్ల రెండు చాలు.

ఆకుపచ్చ–మెరూన్‌తో ఒక చిక్కుంది. రెండూ ముదురు రంగులే. గ్యాలరీ అవతలి వైపునుంచి చూస్తే, ఫొటోలో చూస్తే, కలిసిపోయి ఒకే నల్లటి గుడ్డలా కనిపిస్తాయి. ఆకుపచ్చని కాస్త వెలుగుగా ఎంచుకోండి. మధ్యలో తెల్ల పట్టీ వేస్తే బాగానే కనిపిస్తుంది కానీ అది వేరే జెండా అయిపోతుంది, నేనైతే వేయమనను. ఎరుపు–బంగారులో తప్పు ఇంకోలా జరుగుతుంది. పసుపు మరీ లేతగా ఉంటే ఫ్లడ్‌లైట్ల కింద తెల్లబడి బంగారు రంగు పోతుంది. కొనేముందు గుడ్డని ట్యూబ్‌లైటు కింద కాదు, ఎండలో చూడండి.

అక్షరాలు రాయిస్తే వెనకవైపు తిరగబడి కనిపిస్తాయి. రెండువైపులా సరిగ్గా చదవాలంటే రెండు పొరలు కుట్టాలి, బరువు రెట్టింపవుతుంది. చేత్తో ఊపే జెండాకి గుర్తు ఒక్కటే చాలు.

మ్యాచ్ అయ్యాక తడి జెండాని మడిచి పెట్టకండి. ముదురు రంగు పక్క పట్టీలోకి దిగుతుంది, ముఖ్యంగా నలుపు–తెలుపులో ఆ మరక మళ్లీ పోదు. చల్లటి నీళ్లలో ఒకసారి ముంచి, నీడలో పరిచి ఆరబెట్టండి. స్టేడియంలోకి ఏ కర్ర రానిస్తారో టికెట్ నిబంధనల్లో ముందే చూసుకోండి, లేదంటే పైపు గేటు దగ్గరే వదిలేయాల్సి వస్తుంది.